తిరిగి చెప్పు

పొద్దున్నే టీ గ్లాసు చేతిలోకి రాగానే తాతయ్య అమ్మమ్మని అడిగే మాట ఒకటే. "ఇవాళ ఏం తేవాలి?"

అమ్మమ్మ చెబుతుంది. కొబ్బరినూనె, ఒక బల్బు, తన కళ్ళజోడు కాడకి ఊడిపోయిన చిన్న స్క్రూ. తాతయ్య గ్లాసు కింద పెట్టి, అదే వరసలో అవన్నీ ఆమెకి అప్పజెబుతాడు.

"బల్బు అన్నావు. మెట్ల దగ్గరదా, వంటింటిదా?"

"మెట్ల దగ్గరది."

"మెట్ల దగ్గరది," అని ఇంకోసారి తనలో తను అనుకుని, అప్పుడు గ్లాసు ఎత్తుతాడు. అప్పటికి టీ మీద తెట్టు కడుతుంది. దాన్ని వేలితో తీసి గ్లాసు అంచుకి రాసి, చల్లారిన టీ తాగుతాడు. ఇన్నేళ్ళలో ఆయన వేడి టీ తాగడం ఎవరూ చూడలేదని అమ్మమ్మ అంటుంది.

ఆయన చెప్పింది మనమూ అలాగే అప్పజెప్పాలి. తలుపు గడియ పెట్టమంటే, గడియ పెడతానని అనాలి. "ఊ" అంటే చెల్లదు. "ఊ అన్నది మాట కాదమ్మా, గాలి. ఏం చెప్పాను? తిరిగి చెప్పు." ఊళ్ళో ఆయనకి పేరే అదైపోయింది. వయసులో ఉన్నప్పుడు తిరిగిచెప్పు అన్న, తర్వాత తిరిగిచెప్పు మామ, ఇప్పుడు తిరిగిచెప్పు తాత. వరస మారింది కానీ పేరు మారలేదు.

మా అమ్మకి మూడేళ్ళున్నప్పుడు, వీధిలోకి ఒంటరిగా వెళ్ళకూడదని ఆమెకి బోధించి, చివర్న ఎప్పట్లాగే "తిరిగి చెప్పు" అన్నాడట. అమ్మ ఉన్నచోటే గిర్రున ఒక చుట్టు తిరిగి, గుమ్మం దగ్గరికి పరుగెత్తి, ఆయన చెప్పు ఒకటి పట్టుకొచ్చి చేతికిచ్చింది. పాపం, అడిగినదంతా చేసింది. తిరగమంటే తిరిగింది, చెప్పు అంటే చెప్పు తెచ్చింది. అమ్మమ్మ నవ్వలేక నేలమీద కూలబడింది. తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆ చెప్పు చేతిలో పట్టుకుని చాలాసేపు అలా కూర్చుండిపోయాడట.

"చూశారా? మీ మాట కూడా రెండు రకాలుగా వినపడుతుంది," అంది అమ్మమ్మ.

ఆ రోజునుంచి చిన్నపిల్లలతో "మళ్ళీ అను" అంటాడు.

ఆయన నోట అసలే రాని మాట ఒకటుంది. అది "ఆగు". రోడ్డు దాటేటప్పుడు "నిలబడు" అంటాడు. వెళ్ళిపోతున్న ఆటోని చప్పట్లు కొట్టి నిలుపుతాడు. వాన వెలిసిందంటాడు కానీ ఆగిందనడు. గోడగడియారం ముల్లు కదలకపోతే "నిద్రపోయింది" అంటాడు. నేను చిన్నప్పుడు గడియారాలు నిజంగానే నిద్రపోతాయని అనుకునేదాన్ని.

కారణం మా ఇంట్లో దాచిన విషయమేమీ కాదు. పెళ్ళయిన కొత్తలోనే అమ్మమ్మకి చెప్పాడు. అమ్మమ్మ మా అమ్మకి, నాకు చెప్పింది. ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెప్పింది. ఆ ఇంట్లో మాట మారడం కష్టం.

ఇరవై ఒకటో ఏట ఆయన సైన్యంలో ఉన్నాడు. యుద్ధం మొదలైన కొన్నాళ్ళకి, ఒక కాలవ గట్టు వెనక ఆయన దళమంతా వరసగా బోర్లా పడుకుని ఉంది. వాన. వైర్‌లెస్ తడిసి మూగబోయింది. వరసకి ఆ చివర ఉన్న అధికారి ఆజ్ఞ ఈ చివరకి నోటిమాటగా రావాలి. వెనకవాడు ముందువాడికి, వాడు తన ముందువాడికి.

తాతయ్య వెనక పడుకున్నవాణ్ణి అందరూ పిల్లిగొంతు అనేవారు. మనిషి తలుపంత ఉంటాడు, గొంతు మాత్రం పిల్లిపిల్లది. తాతయ్య ముందు పడుకున్నవాడు బక్కోడు. తాతయ్యకి ప్రాణస్నేహితుడు, సబ్బు కొనుక్కోవడం శుద్ధ దండగని నమ్మినవాడు. ఆ పొద్దున కూడా వాడు తాతయ్య సబ్బుతో మొహం కడుక్కుని, దాన్ని తడిగానే తన జేబులో వేసుకున్నాడు. "నా సబ్బురా," అని తాతయ్య అంటే, "సాయంత్రం ఇస్తాలే, అరిగిపోదు," అన్నాడు.

గుండ్లు పడటం మొదలైంది. ఒకటి దగ్గర్లోనే పడి తాతయ్య ఎడమ చెవిలో హోరు పెట్టింది. ఆ హోరులోనే వెనకనుంచి మాట వచ్చింది. ఆయనకి అది "సాగండి" అని వినపడింది. ముందుకి "సాగండి" అని అరిచాడు. బక్కోడు ఆ మాట అందించి తనూ లేచాడు. ముందువైపు వాళ్ళు, తాతయ్యతో సహా, గట్టు దాటి వెళ్ళారు. కొందరు తిరిగి వచ్చారు. బక్కోడు రాలేదు.

శిబిరానికి చేరాక ఎవరో అన్నారు: "ఆగండి అని కదా చెప్పారు, వీళ్ళెందుకు వెళ్ళారు?" అన్నది ఎవరో తాతయ్యకి గుర్తులేదు. ఎవరూ విచారణ చెయ్యలేదు. ఊళ్ళకి ఊళ్ళే లెక్కలోకి రాని చోట ఒక హల్లుని ఎవరు విచారిస్తారు? కాగితం మీద పెట్టి చూస్తే ఆ రెండు మాటలకీ ఉన్న తేడా అంతే. ఒక్క సకారం.

వెనకవాడు ఏమన్నాడో వెనకవాణ్ణే అడగవచ్చు. కానీ మర్నాడే తాతయ్యని చెవి కోసం ఆసుపత్రికి పంపారు, పిల్లిగొంతుని ఇంకో దళానికి మార్చారు. వీల్లేకపోయిందన్నది ఆయన నలుగురిలో చెప్పే కారణం. అమ్మమ్మకి చెప్పింది వేరు.

"అడిగాననుకో. వాడు 'నేను సా అననేలేదు కదరా' అంటే? అప్పుడు నేనేం చెయ్యాలి?"

అడిగి తెలుసుకోవాలని ఉండేది. తెలుస్తుందేమోనని భయంగానూ ఉండేది. ఆ రెండింటి మధ్యే ఆయన ఉద్యోగంలో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, అమ్మని పెంచాడు.

ఉద్యోగం మునిసిపాలిటీలో. యుద్ధంనుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చే కోటాలో మొదట అటెండరు. వరండాలో బల్ల, బల్ల పక్కన కుండ, గోడకి గొడుగు. నాలుగేళ్ళు ఫైళ్ళు మోశాడు. ఫైలు నోరు తెరవదు కాబట్టి హాయిగానే ఉందనేవాడు. ఇంతలో ఊళ్ళో చాటింపు వేసే ముసలాయన రిటైరయ్యాడు. ఆఫీసరు తాతయ్యని పిలిచి, బల్లమీదున్న రేకు బాకా చేతికిచ్చాడు.

"సైన్యంలో పనిచేసినవాడివి. గొంతుంది. ఇకనుంచి చాటింపు నువ్వే వెయ్యాలి."

"దొంగ చేతికి తాళాలిస్తున్నారు సార్," అన్నాడట తాతయ్య.

ఆఫీసరు అదేదో హాస్యమనుకుని గట్టిగా నవ్వాడు.

ఇంటికొచ్చి, ఆ పని వద్దని రాసిచ్చేస్తానని అన్నాడు. ఇంకొకళ్ళ మాట మోసుకెళ్ళి వేరొకళ్ళకి అప్పగించడమంటే ఏమిటో తనకి తెలుసన్నాడు. అమ్మమ్మ అప్పుడు అమ్మకి జడ వేస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"మీరు వద్దంటే ఇంకెవరికో ఇస్తారు. వాళ్ళు మీ అంత భయపడరు."

మర్నాడు బాకా పట్టుకుని బయల్దేరాడు.

ఆయన పనిచేసే పద్ధతి ఆయనదే. ఆఫీసరు రాసిచ్చిన మాటని ముందు ఒకసారి గుమాస్తాకి వినిపించేవాడు. గుమాస్తా విసుక్కుంటూ తిరిగి చెప్పేవాడు. ఆ తర్వాత జారిపోయే మాటలన్నీ ఏరి పారేసేవాడు. "రేపు నీటి సరఫరా నిలిపివేయబడును" అని రాసి ఉంటే, వీధిలో అది "రేపు కుళాయి తిప్పితే చుక్క రాదు! ఇవాళే పట్టుకోండి! రేపు చుక్క రాదు!" అయ్యేది. వారాల పేర్ల మీద ఆయనకి నమ్మకం లేదు. అన్నిటికీ తోక ఒకటే కదా. అందుకని "బుధవారం, మంగళవారం మర్నాడు," అనేవాడు. "ఆదివారం, బడి లేని రోజు."

ఆయన ఎప్పుడూ "ఫలానా పని చెయ్యకండి" అని చాటలేదు. మధ్యలో ఒక్క అక్షరం గాలికి ఎగిరిపోతే చెయ్యమన్నట్టే అవుతుందని ఆయన భయం. "చెట్టు కొమ్మలు నరకకండి" అనే బదులు "కొమ్మ నరికితే జరిమానా" అనేవాడు. అది ఎటు విరిగినా భయపెడుతుంది.

తర్వాత మైకు వచ్చింది. సైకిలు వెనక బ్యాటరీ పెట్టె, హ్యాండిలుకి కట్టిన హారను. అయినా ప్రతి మలుపులోనూ సైకిలు దిగి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని అడిగేవాడు. "ఏం చెప్పాను?" ఎవరైనా సరిగ్గా చెబితే "అంతే" అనేవాడు. ఆ "అంతే" ఆయన ముద్ర. అది పడితేగానీ సైకిలెక్కేవాడు కాదు.

మలుపులో టైలరుకి ఇదొక సరదా. "నువ్వు చెప్పిందేంటంటే తాతా, రేపు కుళాయిలో నీళ్ళకి బదులు పాలొస్తాయని."

"మళ్ళీ అను."

"సరేలే. చుక్క రాదు. పాలు కూడా రావు."

"పాలు నేను చెప్పలేదు."

"అబ్బ! చుక్క రాదు!"

"అంతే."

ఇలా చెయ్యడం వల్ల ఆలస్యం కూడా అయ్యేది. "సాయంత్రం నీళ్ళు రావని చెప్పడానికి సాయంత్రం దాకా తిరుగుతావేంటయ్యా," అని ఆఫీసరు కేకలేశాడు ఒకసారి. ఆయన కోపం న్యాయమే. ఆ రోజు చివరి వీధిలో కుళాయిలే చాటింపు వేసేశాయి. తాతయ్య మర్నాటినుంచి ఇంకాస్త పెందలాడే బయల్దేరాడు కానీ, అడగడం మానలేదు.

ఆ పనిలో ఆయనకి ఇష్టమైనది ఒకటే, పిల్లలు దొరకడం. సంతలో తప్పిపోయిన పిల్లల్ని ఆఫీసు వరండాకి తెచ్చేవారు. తాతయ్య ఆ పిల్లని సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వీధుల్లో తిరిగేవాడు. "దొరికింది! దొరికింది! ఎర్ర గౌను పిల్ల దొరికింది!" తప్పిపోయిందన్న మాట మాత్రం రానిచ్చేవాడు కాదు. "తల్లి ఎక్కడో పరుగులు పెడుతూ ఉంటుంది. ఆవిడకి ఎంత వినపడుతుందో ఏమిటో. సగమే వినపడినా ఆ సగం మంచిదై ఉండాలి కదా," అనేవాడు.

రిటైరవడానికి ఏడాది ఉందనగా, వాటర్ ట్యాంకు వెనక వీధిలో ఒక పొద్దున దోమల పొగ గురించి చాటుతున్నాడు. కొత్తగా ఎవరో దిగిన ఇంటి ముందు ఒక భారీ మనిషి గేటు దగ్గర మొక్కకి నీళ్ళు పోస్తున్నాడు. తాతయ్య ఎప్పట్లాగే సైకిలు దిగి అడిగాడు.

"పెద్దాయనా, ఏం చెప్పాను?"

"రేపు పొద్దున దోమల పొగ వస్తుంది. కిటికీలు మూసుకోవాలి."

తలుపంత మనిషి. పిల్లిపిల్ల గొంతు.

తాతయ్య "అంతే" అనలేదు. సైకిలు తిప్పుకుని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున అమ్మమ్మ ఏం తేవాలో చెప్పింది. తాతయ్య గ్లాసెత్తి, పొగలు కక్కుతున్న టీ గడగడా తాగేశాడు. నాలుక కాలింది. అమ్మమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"అగ్గిపెట్టెలు అన్నాను. మీరేం అనలేదు."

"వాడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు."

"ఎవరు?"

"పిల్లిగొంతు."

అమ్మమ్మ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "అడిగారా?"

"లేదు."

"ఇన్నేళ్ళనుంచీ అడగాలనే కదండీ..."

"అడిగితే తెలిసిపోతుంది కదే."

ఆ తర్వాత ఆయన ట్యాంకు వీధిలోకి వెళ్ళడం మానేశాడు. ఉద్యోగంలో అంతకుముందు ఒక్క వీధినీ వదలని మనిషి, ఆ మలుపు రాగానే మైకు కట్టేసి, పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోయేవాడు. పక్క వీధివాళ్ళు ఎలాగూ చెబుతారులే అనుకునేవాడు. అలా అనుకోవడం తనకి తగదని ఆయనకి తెలుసు. అమ్మమ్మకీ తెలుసు. ఆవిడ రెండుసార్లు అడిగింది, "ట్యాంకు వీధికి వెళ్ళారా?" అని. ఆయన "ఊ" అన్నాడు.

వానాకాలంలో పెద్ద గొట్టం ఒకటి పగిలి మురుగు కలిసింది. రెండు రోజులపాటు కుళాయి నీళ్ళు తాగకూడదని ఆఫీసునుంచి చాటింపు. తాతయ్య ఊరంతా తిరిగాడు. "కుళాయి నీళ్ళు ఇల్లు కడుక్కోవడానికే! మురుగు కలిసింది! తాగడానికి లారీ వస్తుంది!" ట్యాంకు వీధిని మాత్రం ఆ రోజూ వదిలేశాడు.

పక్క వీధిలో ఒకావిడ నిజంగానే చెప్పింది. మంచి మనసుతో, పెరటి గోడమీంచి, వానలో, గొంతు చించుకుని అరిచింది: "ఈ నీళ్ళు తాగకండీ!"

గోడకి ఇవతల "ఈ నీళ్ళు తాగండీ!" అని వినపడింది.

తాగమని పనిగట్టుకుని చెప్పారంటే ఈసారి శుభ్రం చేసి వదిలారేమోననుకున్నారు. బిందెలు నింపుకుని మరీ తాగారు. మర్నాటికి ఆ వీధిలో పెద్దలూ పిల్లలూ కలిసి పదిమంది దాకా వాంతులతో ఆసుపత్రిలో ఉన్నారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. రెండోనాటికి అందరూ ఇళ్ళకి వచ్చేశారు. కానీ ఆఫీసు ముందు జనం చేరారు.

ఆఫీసరు తాతయ్యని లోపలికి పిలిచాడు. ఈయన తాతయ్యకి నాలుగో ఆఫీసరు. వయసులో చిన్నవాడు, మెత్తటివాడు.

"ఊరంతా విన్నారు. ఆ ఒక్క వీధీ ఎందుకు వినలేదు? గొంతు బాలేదా?"

"గొంతు బాగానే ఉంది సార్. నేను వెళ్ళలేదు."

"ఎందుకని?"

తాతయ్య బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పుకుంటాను సార్," అన్నాడు. అది ఆ ప్రశ్నకి జవాబు కాదు. ఆఫీసరు ఇంకేం అడగలేదు. పొమ్మని తల ఊపాడు.

ఆ సాయంత్రం మైకు లేకుండా, సైకిలు లేకుండా వెళ్ళాడు. ఒక్కో గుమ్మం ముందూ నిలబడి, "చెప్పడం నా పని. నేను రాలేదు. తప్పు నాది," అన్నాడు. కొందరు తిట్టారు. ఒకావిడ, "పోనీలే మామయ్యా, పిల్లాడు లేచి తిరుగుతున్నాడు," అని మంచినీళ్ళు ఇవ్వబోయి, నాలుక్కరుచుకుంది. ఎవరినీ తిరిగి చెప్పమని ఆయన అడగలేదు.

మొక్కలున్న గేటు ఆఖరుకి వచ్చింది. పిల్లిగొంతు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మా మనవరాలికి కూడా వాంతులయ్యాయి," అన్నాడు. "ఇప్పుడు బాగానే ఉంది. బిస్కెట్లు కావాలని ఏడుస్తోంది."

తాతయ్య తను చెప్పవలసిన మూడు మాటలూ చెప్పాడు.

"సరే," అన్నాడు పిల్లిగొంతు. "ఆ రోజు నన్ను చూసి ఎందుకు పారిపోయావురా?"

"నన్ను గుర్తుపట్టావా?"

"మొహం చూస్తే తెలీలేదు. ముసలాడివైపోయావు. సైకిలు తిప్పుకుని పోతుంటే తెలిసింది. నీ వెనకే కదరా పడుకున్నాను! నీ వీపు నాకు తెలీదా?"

తాతయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న ప్రశ్న నోటిదాకా వచ్చింది కానీ, ఆ వీధిలో, ఆ రోజు, దాన్ని అడిగే హక్కు తనకి లేదనిపించింది.

"ఇంటికి రా," అన్నాడు.

మర్నాడు పిల్లిగొంతు మా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందుగదిలో కుర్చీ ఆయనకి సరిపోక, బల్ల మీద కూర్చున్నాడు. అమ్మమ్మని "చెల్లెమ్మా" అని పిలిచి, ఇంటి గోడలు బాగున్నాయన్నాడు. తాతయ్య పక్కనే కూర్చుని మోకాళ్ళు తడుముకుంటున్నాడు. గోడలు బాగున్నాయన్న మాట అయిపోయింది. ఇక మాట్లాడటానికి వేరే ఏమీ మిగల్లేదు.

"ఒరే," అన్నాడు తాతయ్య. "గట్టు దగ్గర. నువ్వు నాకు ఏం చెప్పావు?"

అమ్మమ్మ వంటింట్లో స్టవ్ చిన్నది చేసిందట, శబ్దం లేకుండా వినడానికి.

పిల్లిగొంతు చొక్కా అంచు సవరించుకున్నాడు. తర్వాత, "దాగండి," అన్నాడు.

"ఏమిటి?"

"దాగండి అన్నాను. దాక్కోమని."

తాతయ్య నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్ళు రెండు మాటల మధ్య నలిగిన మనిషికి మూడోది ఉంటుందని తోచనే లేదు.

"నీకు వెనకనుంచి వచ్చింది అదేనా? దాగండేనా?"

"అదే తెలీదురా నాకు." పిల్లిగొంతు తన పెద్ద పెద్ద చేతులు చూసుకున్నాడు. "నాకు వినపడింది 'గండి' ఒక్కటే. ముందు అక్షరాన్ని గుండు మింగేసింది. గట్టుకి గండి పడిందేమో, మునిగిపోతామేమో అనుకున్నాను మొదట. తర్వాత దాగండి అయ్యుంటుందిలే అనుకున్నాను. ఎందుకంటే నాకు దాక్కోవాలని ఉంది. అందుకని 'దా' నేనే తగిలించి నీకు పంపాను. మీరందరూ లేస్తుంటే నాకు గుండాగిపోయింది. నా గొంతు ఇలా ఏడవబట్టే కదా నీకు సరిగ్గా వినపడలేదు! వేరేవాడు చెప్పుంటే వినపడేది. నీకు ఎదురుపడాలంటే భయమేసింది. తర్వాత నీ అడ్రసు కనుక్కోగలిగేవాణ్ణి. కనుక్కోలేదు."

"నాకూ 'గండి' అనే వినపడింది," అన్నాడు తాతయ్య నెమ్మదిగా. ఆ మాట ఆయన అమ్మమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. బహుశా తనకి తనే చెప్పుకోలేదు. "బురదలో పడుకుని పడుకుని విసుగొచ్చింది. లేవాలనిపించింది. అందుకని 'సా' పెట్టుకున్నాను."

"అయితే బక్కోడికీ అంతే అయ్యుంటుంది," అన్నాడు పిల్లిగొంతు ఆశగా. "వాడికీ గండే వినపడి ఉంటుంది. ముందక్షరం వాడే పెట్టుకుని ఉంటాడు. వాడు ముందే తొందర మనిషి."

తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

"లేదురా. నా మాట వాడికి ఎప్పుడూ సరిగ్గానే వినపడేది."

తర్వాత పిల్లిగొంతు, తప్పంతా తన గొంతుదేనన్నాడు. తాతయ్య, కాదు తన చెవిదన్నాడు. వినపడకపోతే మళ్ళీ అడగాలి కదా, అడగలేదు కాబట్టి తనదేనన్నాడు. సగం విన్న మాట పంపకూడదు కదా, పంపాను కాబట్టి నాదేనన్నాడు పిల్లిగొంతు. ఇద్దరి గొంతులూ లేచాయి. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల్లా "నాది" అంటే "నాది" అని దెబ్బలాడుకుంటుంటే, అమ్మమ్మ టీ గ్లాసులు రెండు పట్టుకొచ్చి వాళ్ళ మధ్య నిలబడింది.

"ముందు తాగండి," అంది.

ఇద్దరూ ఒక్కసారిగా నోరు మూసి ఆమె వైపు చూశారు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. ఎందుకలా చూస్తున్నారని అడగబోయి, తను అన్న మాట తనకే వినపడి, గ్లాసులు గబుక్కున వాళ్ళ పక్కన పెట్టేసింది.

పిల్లిగొంతు ముందు నవ్వాడు. అంత పెద్ద మనిషి కిచకిచమని నవ్వుతుంటే తాతయ్యకీ నవ్వొచ్చింది. ఆయన అలా నవ్వడం అమ్మ చెప్పు తెచ్చిన రోజున కూడా తను చూడలేదంటుంది అమ్మమ్మ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. పిల్లిగొంతు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమన్నావు?" అన్నాడు తాతయ్య చివరికి, అమ్మమ్మతో. "తిరిగి చెప్పు."

"తాగండి. తా. తాతలో తా."

"అంతే," అన్నాడు తాతయ్య.

టీ వేడిగానే తాగాడని అనాలని ఉంది కానీ, అప్పటికి తెట్టు కట్టింది.

"వాడు నా సబ్బు ఇవ్వలేదు," అన్నాడు వేలితో తెట్టు తీస్తూ.

"నాదీ ఒకటి వాడి దగ్గరే ఉంది," అన్నాడు పిల్లిగొంతు.

మర్నాటినుంచి రిటైరయ్యే రోజు దాకా తాతయ్య చాటింపు ట్యాంకు వీధితోనే మొదలయ్యేది.

ఇప్పుడు ఆయనకి డెబ్భై దాటాయి. చాటింపుకి మనిషి అక్కర్లేదు. మునిసిపాలిటీ ఆటోలో రికార్డు చేసిన అమ్మాయి గొంతు, "నీటి సరఫరా నిలిపివేయబడును," అని ఒక్కసారి అనేసి మలుపు తిరిగి పోతుంది. ఎవరినీ ఏమీ అడగదు. అరుగు మీదనుంచి ముసలాళ్ళిద్దరూ మెడలు చాచి వింటారు.

"ఏమంది?"

"నాకు 'బడును' అని వినపడింది."

"నాకూ అంతే."

అప్పుడు అమ్మమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటుంది. కనుక్కున్నది వాళ్ళకి చెబుతుంది. వాళ్ళు తిరిగి చెబుతారు. తర్వాత టైలరు కొట్టుదాకా నడిచి వెళ్ళి, అక్కడ కూడా చెప్పి వస్తారు.

తాతయ్య ఇప్పటికీ "ఆగు" అనడు. ఇంకా ఎందుకు తాతయ్యా అని అడిగితే, నోటికి అలవాటు తప్పిపోయిందమ్మా అంటాడు. ఎడమ చెవి ఇప్పుడు బొత్తిగా పనిచెయ్యదు. పిల్లిగొంతు తాతయ్య రోజూ సాయంత్రం వచ్చి, ఆయన కుడిపక్కన కూర్చుంటాడు.